భూమి అడుగున ఉన్నది ఎవరి వారసత్వము?

తాత నాలుగెకరముల పొలము విడిచిపోయినచో మనుమలు పాళ్లు వేసికొందురు. బావికి, చెట్టునకు, గట్టునకు, బండిబాటకు సయితము కాగితముమీద లెక్క యుండును. ఆ పొలము అడుగున బొగ్గో నూనెయో యున్నచో అది ఎవరి పాలికి వచ్చును? మన పూర్వులకు ఈ ప్రశ్నతో పని పడలేదు. గోదావరి లంకలలోను, సింగరేణి ప్రాంతములోను ఇప్పుడు పని పడినది.

అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున 1901 జనవరి 10వ తేదీన స్పిండిల్‌టాప్ అను మిట్టలో త్రవ్విన బావినుండి నూనె మింటి కెగసెను. అచ్చటి చట్టము ననుసరించి నేల ఒకనిది, అడుగుననున్న ఖనిజము వేరొకనిది కావచ్చును. పొలము నమ్మివేసినవాడు ఖనిజపు హక్కును తనకే నిలుపుకొనవచ్చును. అది వాని బిడ్డలకు, వారి బిడ్డలకు సంక్రమించును. నూనె తీయువారు తొలినాళ్లలో సాధారణముగా ఎనిమిదింట ఒక పాలు హక్కుదారున కిచ్చెడివారు. ఆ పాలే తరములు గడచినకొలది చీలిచీలి వేయవ వంతు వరకును దిగును. దాయాదుల పంపకములు చూచిన మనకు ఇందు వింత యేమియు లేదు. అచ్చట ఇండ్లు కొనుచున్న మన తెలుగువారికిని, ఖనిజపు హక్కు పూర్వపు యజమానునిదేయని దస్తావేజులో కనబడుట కలదు.

మనదేశములో ఆ హక్కు కుటుంబములనుబట్టి గాక చాలవరకు రాజ్యములనుబట్టి నడచినది. కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రపు గనులను 1622 ప్రాంతమున చూచిన మెథ్వోల్డ్ అను ఇంగ్లీషు వర్తకుడు, గని గుత్తకిచ్చినను పది క్యారెట్లకు మించిన రాళ్లు గోలకొండ సుల్తానుకే చెందునని వ్రాసెను. చిన్న రాయి గుత్తదారునిది, పెద్ద రాయి రాజుది; నేల దున్నువాని పేరు ఆ లెక్కలో రాదు. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయపు నీటి క్రింద నున్నది.

సుల్తానుల హక్కు మొగలాయీల చేతికి, వారినుండి నిజాముల చేతికి వచ్చినది. 1766లో నిజాము అలీఖాను ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి వదలుకొన్నప్పుడు సంధిపత్రములో ఒక షరతు వ్రాయించెను: వజ్రపు గనులును, వానికి చేరిన గ్రామములును తనవే. రాజమహేంద్రవరమంతటి సీమ నిచ్చివేసినవాడు ఆ కొద్ది ఊళ్లను విడువలేదు. కనుకనే కృష్ణా జిల్లా నడుమ పరిటాల చుట్టుపట్ల గ్రామములు 1948 వరకు హైదరాబాదు సంస్థానములో నుండిపోయినవి. గనులు అంతకు ఎంతో ముందే క్షీణించినవి. హక్కుమాత్రము కాగితముమీద నిలిచి, ఆ ఊళ్ల ప్రజలను నిజాము ప్రజలుగా నుంచినది.

ఇక బొగ్గు. భద్రాచలము పోవు యాత్రికులు ఇల్లెందు కడ రాళ్లు పేర్చి వంట చేయగా రాళ్లే మండినవని జనులు చెప్పుకొందురు. ఆ కథ యెట్లున్నను, 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగు ఆ ప్రాంతమున బొగ్గున్నదని కనుగొనెను. 1886లో నిజాము ప్రభుత్వము గనుల హక్కును 99 ఏండ్లకు కొందరు ఇంగ్లీషు పెట్టుబడిదారులకు వ్రాసియిచ్చెను. లండనులో హైదరాబాదు దక్కను కంపెనీ వెలసెను. వాటాలలో అత్యధిక భాగమును ఆ పెట్టుబడిదారులే పైకము చెల్లింపకయే తమ పేర వేసికొనిరి. వినదగినది తరువాతి మాట. నిజాము పక్షమున బేరము నడపిన అబ్దుల్ హక్, సర్దార్ దిలేర్ జంగు అను బిరుదు గలవాడు, అందులో రహస్యముగా పాలు పుచ్చుకొని, తన వాటాలనే ఎక్కువ ధరకు నిజాము ఖజానాచేత కొనిపించెను. ఇంటి సొత్తును ఇంటివానికే అమ్మిన ముక్త్యారును మీరు చూచియుందురు; ఇది అట్టిదే, సంస్థానమంత పెద్దది. 1888లో బ్రిటిషు పార్లమెంటు దీనిపై విచారణసంఘము వేసెను. నిజాము తరఫున మొహసినుల్ముల్కు లండను వెళ్లెను. అబ్దుల్ హక్ పదవి పోయినది. గనుల హక్కు కంపెనీ చేతిలోనే యుండెను.

1920లో దానికి సింగరేణి కాలరీసు అని పేరు మారెను. 1945లో నిజాము ప్రభుత్వము అధిక వాటాలను కొనెను. 1956లో అవి ఆంధ్రప్రదేశమునకు వచ్చెను. నేడు తెలంగాణ రాష్ట్రమునకు నూటికి 51, కేంద్రమునకు 49 పాళ్లు కలవు. పొలములు పోయిన ఊళ్లకు దక్కినది పరిహారము, కొన్ని ఉద్యోగములు. గని కార్మికుని కుమారునకు ఆ పని వారసత్వముగా ఇచ్చు పద్ధతిని 2017లో హైకోర్టు కొట్టివేసినది. రోగముచే పనికి అశక్తులైనవారి బిడ్డలకు మాత్రము అవకాశము మిగిలినది. మీ ఊళ్లనుండి పోయి చిక్కడపల్లి గ్రంథాలయములోను, అశోక్‌నగరు గదులలోను పరీక్షలకు చదువుచున్న పిల్లలలో సింగరేణి కొలువు కొరకు చదువువారును కలరు. తాత పొలమిచ్చిన గనిలో మనుమడు పోటీపరీక్ష వ్రాసి చేరవలయును. చట్టమునకు అది సమ్మతమే. ఆ తాతకు సమాధానము చెప్పుట మాత్రము కష్టము.

సర్కారు జిల్లాలలో జమీందారులు తమ ఎస్టేటుల గనులపై హక్కు చెప్పుకొనిరి. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము గనులతో గూడ ప్రభుత్వపరము చేసెను. కోనసీమలో సహజవాయువు దొరకునాటికి ఆ హక్కుగల వంశములే లేవు. అచ్చట నేలమీది నూనె, వాయువులపై రాయల్టీ రాష్ట్ర ఖజానాకు చేరును; రైతుకు నేల వాడుక పరిహారమే. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకొని సుమారు 65 దినములు మండినప్పుడు వేడిమి మాత్రము చుట్టునున్నవారికే వచ్చినది.

2013లో సుప్రీముకోర్టు మలబారు భూముల వ్యాజ్యములో, చట్టబద్ధముగా తొలగింపబడనంతవరకు అడుగు ఖనిజము భూయజమానునిదేయని తీర్పు చెప్పినది. అయినను అనుమతి లేక దానిని త్రవ్వుటకు వీలులేదు.

గొట్టపుమార్గపు చట్టము 1962 నాటిది. గొట్టము పోయిన చాలు రైతుదిగానే యుండును. కాని అందులో చెట్టు నాటరాదు, బావి త్రవ్వరాదు, ఇల్లు కట్టరాదు. దానికి ఇచ్చునది నేల విలువలో పదింట ఒక వంతు. పైరు, చెట్ల నష్టము వేరు. గెజెటులో ప్రకటన వెలువడిన 21 దినములలోపల ఆక్షేపణ వ్రాసి అధికారికి ఇయ్యవచ్చును. పరిహారము చాలదని తోచినచో జిల్లా జడ్జికి విన్నవించుకొనవచ్చును.