నానేసిన నార

అబ్బయా, చలిమంటకి కాస్త దగ్గరికి జరుగు. "కరెంటు బిల్లు రేపు, మోటారు రిపేరు ఎల్లుండి" అని పొద్దున్నించీ నీ పాట వింటానే ఉండా. తిట్టను లే. మా నాయనదీ అదే పాట.

కావలికి తూర్పున, సముద్రం హోరు వినబడే ఊళ్ళో మాది తాటాకు ఇల్లు. ఏటా కప్పాలి. మన వైపు ఆరుద్రలో పడేది తుంపరే గదా, అసలు వాన చిత్త, స్వాతి కార్తెల్లో దిగుద్ది. అందుకని నాయన "ఆరుద్ర పోనీ, మఖ పోనీ" అంటా కూర్చునేవాడు. కప్పే మనిషికి రోజుకి రూపాయిన్నర, మధ్యాన్నం సంగటి, చేపల పులుసు. లోటు డబ్బుకి కాదు, లేచి నిచ్చెన తెచ్చేదానికే.

మా అవ్వ పల్లెత్తు మాటనేది కాదు. ఒకనాడు చీకటితోనే తాటినార తెచ్చి తొట్టిలో నానేసేది. నార తడి మీదే ముడెయ్యాల, ఆరితే మాట వినదు. తొట్టి చూసినాక నాయనకి కాలు నిలిచేది కాదు. "ఒక్క వాసానికి కట్టి దిగుతా" అని ఎక్కినోడు పొద్దుగూకినా దిగేవాడు కాదు.

అవ్వ పుట్టిల్లు బకింగ్‌హామ్ కాలవ గట్టున. ఉప్పు, సరుగుడు కట్టెలు ఎత్తుకోని పడవలు మద్రాసు పొయ్యేవి. గాలుంటే తెరచాప, లేకుంటే గట్టెమ్మట మనుషులే తాడు పట్టి లాగేవాళ్ళు. నీళ్ళు తగ్గితే పడవ అడుసులో కూర్చునేదంట... కాలవ కథలోకి పోతే తెల్లారుద్ది, ఇంటికొస్తా.

అవ్వ పోయింది, నాయనా పోయినాడు. ఇల్లు మా పెద్దన్న చేతికొచ్చింది. 1989లో అన్న కూడా స్వాతి పోనిచ్చినాడు, విశాఖ వచ్చె. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక! థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టిన గే తుపాను ఆ దేశాన్ని అడ్డంగా దాటి, బంగాళాఖాతమంతా ఈదుకోని నవంబరు 8 రాత్రి కావలి దగ్గిర ఒడ్డెక్కింది. అదంత దూరం నించి వస్తే, అన్న పంచలో నించి నిచ్చెన దాకా పోలేకపాయ. బడి కట్టడంలో దూరి ప్రాణాలు దక్కించుకున్నాం. తెల్లారి చూస్తే గోడలు ఉండాయి, కప్పు లేదు. ఆ గాలికి కొత్త కప్పయినా నిలిచేది కాదేమో. అన్న మాత్రం ఆ సాకు ఎన్నడూ చెప్పలా.

మూడోనాడు పొద్దున, ఒరిగిన తాటిచెట్టు పక్కన తొట్టి కడుగుతా ఉండాది మా వదిన. ఎవురూ చెప్పలా. నార తెచ్చి నానేసి, పొయ్యి రాజేసేదానికి లోపలికి పాయ. అన్న కాసేపు ఆ నీళ్ళ వంకే చూసి, నిచ్చెన కోసం వెతకతా దొడ్లోకి పోయినాడు.