పట్టాల కింద మా చెలక

"స్టేషన్ గురించి నాలుగు మంచి మాటలు రాయండి సార్" అని మా మిర్యాలగూడ స్టేషన్ ఉత్సవ సంచిక కమిటీ వారు ఇంటికొచ్చి అడిగారు. మంచి మాటలకు కొదవ లేదు. ముందు అవే రాస్తాను.

1974లో బీబీనగర్–నడికుడి లైనుకు ప్రధాని ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. కృష్ణ ఆవలి ఒడ్డున నడికుడికి 1930 నుంచే రైలుంది, గుంటూరు–మాచర్ల మీటర్ గేజ్ బండి. ఈ కొసన బీబీనగర్‌లో నిజాం కాలపు లైను. నడుమ నూట యాభై కిలోమీటర్ల మేర మాకు బస్సే గతి. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ చుట్టూ వరి విరగబండింది, మిల్లులు లేచాయి. బస్తాలు మాత్రం లారీలెక్కి పోయేవి.

ఈ లైను పేరెత్తితే పాతవాళ్లు ముందు తలిచేది భీమిరెడ్డి నరసింహారెడ్డి గారిని. మాకందరికీ ఆయన బీఎన్. తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలు నడిపిన మనిషి, 1971లో మిర్యాలగూడ ఎంపీగా పార్లమెంటుకు వెళ్లి రైలు కోసం పట్టుబట్టారు. 1984లో మళ్లీ గెలిచారు. నేను సభల్లో చూసినప్పుడు ఆయన ఒంటిమీద హంగూ ఆర్భాటం ఏమీ కనిపించేది కాదు. ఎవరైనా దగ్గరికెళ్లి మాట్లాడొచ్చు అనిపించేది. 2008లో పోయారు. ప్లాట్‌ఫారం మీద ఆయన పటం ఒకటి ఉంటే బాగుండును. కమిటీ వారు ఆలోచించాలి.

పునాదిరాయి వేసిన ఏడు పుట్టిన పిల్లలు పదో తరగతికొచ్చారు గానీ రైలు రాలేదు. ఎర్రమట్టి కట్ట పోసి ఉండేది, దాని మీద మేకలు మేసేవి. చివరికి 1989 నాటికి లైను పూర్తయింది. వాడపల్లి, విష్ణుపురం దిక్కున కృష్ణ మీద వంతెన దాటి బండి పొందుగుల వెళ్లింది. మా అమ్మ తొలి ప్రయాణంలో వంతెన రాగానే కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల నీళ్లలో వేసి దండం పెట్టుకుంది.

తర్వాత పదిహేను పదహారేళ్లలో రాయాల్సినంత ఏమీ జరగలేదు. ఎక్స్‌ప్రెస్ బళ్లు పెరిగాయి, 2003లో గుంటూరు డివిజన్ ఏర్పడి మా స్టేషన్ అందులోకి పోయింది, ఒంటి లైను కాబట్టి క్రాసింగ్ పడ్డప్పుడల్లా ప్రయాణికులు పల్లీలు కొనుక్కు తిన్నారు. అంతే.

2005 అక్టోబరు 29 మాత్రం మరువలేం. దీపావళి మూడు రోజులుంది. రేపల్లె నుంచి సికింద్రాబాద్ వెళ్లే డెల్టా ప్యాసింజర్ అర్ధరాత్రి దాటాక మా ఊరి మీదుగా పోయింది. తీరప్రాంత పల్లెల వాళ్లు, పల్నాటి కూలీలు, మావాళ్లు, పండక్కి పోయేవాళ్లతో కిక్కిరిసిన బండి. ఆ రాత్రంతా కుండపోత. ఎగువన చెరువు తెగి, వలిగొండ దగ్గర పట్టాల కిందున్న చిన్న వంతెనను వరద ఎత్తుకుపోయింది. తెల్లవారుజామున ఇంజనూ ముందు పెట్టెలూ ఆ నీళ్లలోకి దిగబడ్డాయి. నూట పది మందికి పైగా పోయారు.

తెల్లారేసరికి మా స్టేషన్ ముందు జనం. "మా పిల్లగాడు ఎక్కిండు సారూ, ఏ డబ్బలో ఎక్కిండో తెల్వది" అని ఒక ముసలాయన కనబడ్డవాళ్లందరినీ అడుగుతున్నాడు. ఏం చెప్పాలో ఎవరికీ తోచలేదు. మిల్లుల హమాలీలు పని ఆపి, దొరికిన జీపుల్లో వలిగొండ బయలుదేరారు. ఆ సాయంత్రమే ఢిల్లీలో బాంబులు పేలాయి. టీవీలు అటు తిరిగాయి. మేం మాత్రం ఇంకా పేర్ల జాబితాలు చదువుకుంటూనే ఉన్నాం.

కృతజ్ఞతలు చెప్పకపోతే తప్పవుతుంది. వేసవిలో చలివేంద్రం పెట్టిన రైస్ మిల్లర్లు, బెంచీలిచ్చిన వ్యాపారులు, గూడ్స్ షెడ్డు హమాలీలు, ఎండనకా వాననకా పట్టాల వెంట నడిచే గ్యాంగ్‌మెన్లు, స్వీపరమ్మలు, రాత్రి బండికి కాపు కాసే ఆటో డ్రైవర్లు, టీ కొట్టు వాళ్లు, అందరికీ నమస్కారం. దాతల పేర్లు చివరి పేజీల్లో అచ్చవుతాయని చెప్పారు.

రైలు లేని సూర్యాపేట, కోదాడల సంగతి పండగపూట ఎందుకని కమిటీలో ఒకరన్నారు. మా వియ్యంకుడిది కోదాడ, ఊరుకోనివ్వడు. 2016లో జిల్లా కేంద్రమైన సూర్యాపేటకు ఇప్పటికీ రైలు లేదు. లైను తెచ్చిన బీఎన్ గారిది ఆ దిక్కు కరివిరాల కొత్తగూడెమే! జగ్గయ్యపేట, మేళ్లచెరువు, జాన్‌పహాడ్ మీదుగా విష్ణుపురానికి మరో లైను కలిసింది, దాని మీద సిమెంటు పోతుంది. "బావా, మావైపు సిమెంటు బస్తాగా పుట్టినా రైలెక్కేవాణ్ని" అంటాడు వియ్యంకుడు. నవ్వుతాను గానీ జవాబు చెప్పలేను.

ఇంకొక్కటి. చివరి పేజీల ప్రూఫులు చూశాను. బెంచీ ఇచ్చినవారున్నారు, ఫ్యాను ఇచ్చినవారున్నారు. కట్ట కింద భూములు పోయిన రైతుల పేరు ఒక్కటీ లేదు. మా నాయినకు రెండెకరాల చెలక, అందులో ముప్ఫై గుంటలు పట్టాల కింద పోయాయి. ఇచ్చిన పైసలు ఎంతని రాయను, కాగితాల కోసం తిరిగిన బస్సు చార్జీలే గుర్తున్నాయి. "పోనీ, ఊరికి రైలొస్తది గదా" అనేవాడు. వచ్చాక నాలుగుసార్లు ఎక్కాడేమో.

గుంటూరు–బీబీనగర్ రెండో లైనుకు, 239 కిలోమీటర్లకు, 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. రావాల్సిందే, క్రాసింగుల బాధ తప్పుతుంది. మాకు మిగిలిన ఎకరం పది గుంటలు కట్టకు ఆనుకునే ఉంది. ఈసారి ఏ పక్క తీసుకుంటారో ఇంకా తెలియలేదు.