తార్నాక నుంచి ఫస్ట్ షోకి

సాయంత్రం ఐదు. తార్నాక చౌరస్తాలో మెట్రో పట్టాల నీడ రోడ్డు మీద అడ్డంగా పడింది. హబ్సిగూడ వైపు నుంచి వచ్చిన ఆటోలు ఎర్ర లైటు ఉండగానే సగం రోడ్డు మీదికి వచ్చేసి హారన్లు కొడుతున్నాయి. మీ ఫోన్‌లో కాచిగూడ తారకరామ థియేటర్‌కు ఫస్ట్ షో టికెట్ ఉంది. ‘మాల్‌కు పోదాం రా, అక్కడ పార్కింగైనా దొరుకుతుంది’ అని దోస్తు మెసేజీలు పెడుతూనే ఉన్నాడు. మీరు జవాబివ్వకుండా కోఠి బస్సు ఎక్కేస్తారు.

ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక ఈ బస్సుల్లో మగవాళ్లకు మిగిలింది వెనక తలుపు దగ్గరి చోటే. అక్కడే కమ్మీ పట్టుకుని ఓ పెద్దాయన. మీ ఫోన్‌లో టికెట్ బొమ్మ ఆయన కంట పడింది.

“ఏ టాకీసు బిడ్డా?”

“తారకరామ, తాతా.”

“మంచిగుంటది. నేను ఆపరేటర్‌గ చేసిన. కార్బన్ కాలం కెళ్లి డిజిటల్ దాంక.”

కార్బన్ అంటే ఏమిటని అడుగుతారు. బస్సు గతుకుల్లో ఊగుతుంటే, ఆయన రెండు చూపుడువేళ్లూ ఎదురెదురుగా పెట్టి మధ్య సందు చూపిస్తాడు. రెండు కార్బన్ కడ్డీల మధ్య కరెంటు మెరుపే ప్రొజెక్టర్‌కు వెలుగు. కాలేకొద్దీ కడ్డీలు కురచవుతాయి, సందు పెరుగుతుంది, తెర మీద బొమ్మ పసుపెక్కుతుంది. దాన్ని సరిచేస్తూనే పక్క మిషన్ మీద తర్వాతి రీలు ఎక్కించి పెట్టుకోవాలి. తెరకు కుడివైపు పై మూలన చిన్న చుక్క మెరిసిందా, రెండో మిషన్ మోటారు ఆన్ చేయాలి. ఇంకోసారి మెరిస్తే మారిపోవాలి. “జర లేటైతే తెల్ల తెర పడతది. పబ్లిక్ మన ఇంటోళ్లను యాదికి తెచ్చుకుంటరు” అని నవ్వుతాడు. తర్వాత జీనాన్ దీపాలొచ్చాయి, 2005 తర్వాత ఉపగ్రహం నుంచి దిగే సినిమాలొచ్చాయి, హార్డ్ డిస్కులొచ్చాయి. రీలు డబ్బాలతో పాటు ఆ చేతి నేర్పు కూడా అక్కర్లేకుండా పోయింది.

ఈలోగా బస్సు ఉస్మానియా ప్రాంగణంలోకి తిరిగింది. తార్నాక రొద వెనక్కి పోయి చెట్ల గాలి తగులుతుంది. మలుపులో ఆర్ట్స్ కాలేజీ. పొద్దు వాలే వేళ ఆ గ్రానైట్ నిజంగానే గులాబీ రంగుకు వస్తుంది. దీన్ని కట్టే ముందు నవాబ్ జైన్ యార్ జంగ్‌నూ సయ్యద్ అలీ రజానూ దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ నమూనా గీశాడు, 1934లో పునాది పడింది, 1939లో ఏడో నిజాం ప్రారంభించాడు. ఇప్పుడు దాని మెట్ల మీద గ్రూప్స్ పుస్తకాలు, ఫొటోలకు వచ్చిన పెళ్లిజంటలు, ధర్నాకు వేసిన బ్యానర్లు. ఈ రాతికి బీట పడితే పేపర్లో వస్తుంది. రావాలి కూడా, పేచీ లేదు.

కానీ ఈ మెట్ల మీద చదువుకున్నవాళ్లు రాత్రి చదువుకు ఎక్కడికి పోయారు? ఎన్‌సీసీ గేటు దాటి, విద్యానగర్ మీదుగా, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు. సంధ్య, సుదర్శన్, దేవి, సప్తగిరి, ఓడియన్, మయూరి. చౌరస్తా చుట్టూ అన్ని తెరలు, ఒకదాంట్లో టికెట్ దొరక్కపోతే రోడ్డు దాటితే ఇంకోటి. నిజాం కాలేజీలో చదివే రోజుల్లోనే హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టిన శ్యామ్ బెనగల్ కూడా ఈ ఉస్మానియా నీడన చదివినవారే. ఒక విశ్వవిద్యాలయం చుట్టూ ఉన్న సినిమాహాళ్లు దాని తరగతి గదుల్లో లెక్కకు రావాలని నా వాదన. ఎవరూ ఒప్పుకోరని తెలుసు.

కొవిడ్ తర్వాత ఆ వరుసలో శ్రీ మయూరి తలుపు మూసింది. నారాయణగూడ శాంతి, టోలిచౌకి గెలాక్సీ కూడా అదే దారి పట్టాయి. అమీర్‌పేట సత్యం కూలి, ఆ స్థలంలో 2023లో మల్టీప్లెక్సు లేచింది. దీనికి యజమానుల్ని తిట్టి లాభం లేదు. మల్టీప్లెక్సుకు వసూళ్లలో వాటా వస్తుంటే, ఒంటితెర హాలుకు ఏళ్ల తరబడి వారానికింతని అద్దె లెక్క. సినిమాలే రాని వారాల్లో ఏసీ బిల్లుకు కూడా ఆదాయం ఉండదు. 2024 మేలో తెలంగాణలో ఒంటితెర హాళ్లు కొన్ని రోజులు ఆటలే ఆపేసుకున్నాయి. కింద ఉన్న నేల మాత్రం ఏటా ధర పెంచుకుంటూనే ఉంది. ఆ లెక్క ముందు జ్ఞాపకాలు ఎంతకాలం నిలబడతాయి?

“ఫీవరాస్పత్రి, ఫీవరాస్పత్రి!” కండక్టర్ కేక. పెద్దాయన దిగుతూ, “సౌండు ఎట్లుందో ఇనుకో బిడ్డా, బొమ్మ అందరు చూస్తరు” అంటాడు.

బర్కత్‌పుర దాటి కాచిగూడలో మీరూ దిగుతారు. 1916 నాటి రైల్వే స్టేషను ఉన్న పేట ఇది. మహేశ్వరి, పరమేశ్వరి జంట థియేటర్లు ఎప్పుడో మల్టీప్లెక్సయ్యాయి. మిర్చి బజ్జీ నూనె వాసన, స్కూటర్లు, గేటు దగ్గర పూలదండ వేసిన హీరో. తారకరామ ఎన్టీఆర్ కుటుంబానిది. పేరులో తారకరామారావు, ఆయన భార్య బసవతారకం ఇద్దరూ ఉన్నారు. 1978లో ‘అక్బర్ సలీం అనార్కలి’తో మొదలైంది. అదే ఏడాది వచ్చిన అమితాబ్ ‘డాన్’ ఇక్కడ ఏడాదికి పైగా ఆడింది. మధ్యలో మూతపడింది. సినిమాహాళ్లు నడిపే ఏషియన్ సంస్థ చేయి వేశాక 2022 డిసెంబరులో బాలకృష్ణ మళ్లీ తెరిచారు.

లోపలికి అడుగు పెట్టగానే ఏసీ చలి మొహాన కొడుతుంది. పాత హాలు వాసన కోసం వెతక్కండి, దొరకదు. సీట్లు పలచబడ్డాయి, వెనక్కి వాలే కుర్చీలు, సోఫాలు వచ్చాయి. కొత్త ప్రొజెక్షన్. పెద్దాయన మాట గుర్తొచ్చి కళ్లు మూసుకుంటే, వాన చప్పుడు వెనక వరుస నుంచి మొదలై నెత్తి మీదుగా ముందుకు సాగుతుంది. బాగుంది, నిజంగా బాగుంది. దీన్ని పునరుద్ధరణ అనొచ్చా? ముంబైలో 1938 నాటి ఈరోస్‌ను 2024లో మళ్లీ తెరిచినప్పుడు బయటి ఆర్ట్ డెకో రూపం ఉంచారు, లోపల ఐమాక్స్ పెట్టారు. అక్కడ ఆ భవనాల గుంపుకే యునెస్కో గుర్తింపు ఉంది. మన దగ్గర మిగిలేది పేరూ, స్థలమూ, ఆటా. అదీ తక్కువేం కాదని తారకరామలో కూర్చుంటే అనిపిస్తుంది. నాకు మాత్రం పాత కార్బన్ మిషన్ ఒకటి తుడిచి, వరండాలో అద్దం వెనక పెట్టి, పెద్దాయనలాంటి ఒకరిని ఆదివారాలు పక్కన కూర్చోబెడితే బాగుండుననిపిస్తుంది. ఖర్చెంత?

దానికన్నా ముందు చూసుకోవాల్సింది తలుపులు. 2024 డిసెంబరు 4 రాత్రి సంధ్య దగ్గర ‘పుష్ప 2’ ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. 1997లో ఢిల్లీ ఉపహార్ థియేటర్ అగ్నిప్రమాదంలో 59 మంది పోయారు. గోడ మీది నగిషీ ఎంత అందంగా ఉన్నా, జనం బయటపడే దారి ఇరుకైతే ఆ హాలును కాపాడినట్టు కాదు. మీ కళ్లు చీకట్లో ‘ఎగ్జిట్’ దీపాల్ని లెక్కపెడతాయి.

ఇంకోటి, ముందు వరుస. 2021 చివర్లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు ఏసీ ఒంటితెర హాళ్లకు టికెట్ 50 నుంచి 150 రూపాయలని, మల్టీప్లెక్సులో 250 దాకా అని గీత గీసింది. పెద్ద సినిమాలప్పుడు ప్రత్యేక అనుమతితో ఆ గీత జరుగుతుంది, అది వేరే గొడవ. సోఫాలు వేసేటప్పుడు ముందు పోయేది తక్కువ టికెట్ చోటు. ఈల అక్కణ్నుంచే వస్తుంది. హీరో మొహం తెర మీద పడగానే తెర దగ్గరి నుంచి ఒక్క ఈల లేస్తుంది, దాని వెంట కాగితాల ముక్కలు. మీకు తెలియకుండానే మీరూ చప్పట్లు కొడుతున్నారు.

ఆట వదిలాక గేటు బయట అదే ఈల గుంపు నిలబడి ఉంది. అందరివీ హాస్టల్ మొహాలు, ఒకడి వీపున ఇంకా పుస్తకాల బ్యాగు. బస్సు కోసం చూస్తున్న మిమ్మల్ని పిలుస్తారు: “అన్నా, క్యాంపస్ దాంక నడుస్తున్నం. వస్తవా?”

గంటకు తక్కువ పట్టదు. అయినా కదులుతారు. బర్కత్‌పుర రాకముందే రెండో సగం మీద కొట్లాట మొదలవుతుంది. ఫైటు ఎక్కువైందని ఒకడు, తక్కువైందని ఒకడు. హీరోయిన్ పాత్రకు పని లేదని మీరంటే, “అన్నా, నువ్వు ఇంటర్వెల్ తర్వాత నిద్రపోయినవ్” అంటాడు బ్యాగువాడు.