ఒకే సూక్ష్మజీవి, రెండు సేద్యములు

1901వ సంవత్సరమున జపాను దేశములో పట్టుపురుగులు ఉన్నట్టుండి చచ్చుచుండగా, ఇషివాటా అను శాస్త్రజ్ఞుడు ఆ తెగులునకు కారణమైన ఒక సూక్ష్మజీవిని కనుగొనెను. పదేండ్లకు జర్మనీలో బెర్లినర్ అను నాతడు పిండిమరలోని పురుగులలో అట్టి జీవినే చూచెను. ఆ మర తురింజియా ప్రాంతములోనిది. కనుక 1915లో ఆయన దానికి 'బాసిల్లస్ తురింజియెన్సిస్' అని పేరు పెట్టెను. క్లుప్తముగా దీనిని 'బి.టి.' అందురు. పట్టుపరిశ్రమకు శత్రువైన ఈ జీవి పంటరైతునకు మిత్రమైనది. మన కాలపు ఒక ధర్మసందేహమునకు మూలమును అయినది.

ఈ సూక్ష్మజీవి తనలో ఒక ప్రోటీనును స్ఫటికముగా తయారుచేయును. గొంగళిపురుగు ఆకుతోబాటు దీనిని తినగా, పేగులోని క్షారరసములో స్ఫటికము కరగును. ఆ ప్రోటీను పేగు గోడకు అంటుకొని రంధ్రములు చేయును. పురుగు మేత మాని చచ్చును. మానవుని జీర్ణకోశమున ఉన్నది ఆమ్లరసము. ఆ ప్రోటీను అంటుకొనదగిన తావులును అక్కడ లేవు. 1938లోనే ఫ్రాన్సులో బి.టి. మందు అమ్మకమునకు వచ్చెను. రసాయనములు ముట్టని సేంద్రియ రైతులకు ఇది కొంగుబంగారమయ్యెను.

ఆ ప్రోటీనుకు కారణమగు జన్యువును పొగాకు మొక్కలో ప్రవేశపెట్టినట్లు 1987లో బెల్జియము శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఇక చల్లనక్కరలేదు, మొక్కయే తన మందును చేసికొనును. అట్టి పంటను సేంద్రియమనవచ్చునా? 1997లో అమెరికా ప్రభుత్వము ప్రకటించిన ముసాయిదా దీనికి తావిచ్చెను. ప్రజలనుండి 2,75,000కు పైగా అభిప్రాయములు వచ్చిపడెను. వానిలో అధికభాగము నిరసనలే. 2000లో వెలువడిన తుది నియమములు జన్యుమార్పిడి పంటలను మినహాయించెను. చల్లిన బి.టి. మాత్రము సేంద్రియముగనే నిలిచెను.

ఒకే ప్రోటీను ఒకచోట పథ్యము, వేరొకచోట అపథ్యమా అని కొందరు ఆక్షేపింతురు. కాని చల్లిన మందు ఎండకు కొలది దినములలో చెడిపోవును. మొక్కలోని మందు పంటకాలమంతయు పురుగును ఎదుర్కొనుచుండును. అందుచే దానిని తట్టుకొను పురుగులే మిగిలి వృద్ధిపొందు ప్రమాదమున్నది. అప్పుడు ఆ విత్తనము నాటని పొరుగు రైతు చల్లుకొను మందును నిష్ఫలమగును. లాభము ఒకరిది, నష్టము వేరొకరిది.

ఇది ఊహ కాదు. 2002లో భారతదేశమున బి.టి. పత్తికి అనుమతి లభించెను. పురుగులు తట్టుకొను శక్తి పొందకుండ చేను చుట్టును మామూలు పత్తిని నాటవలెనని నియమము. విత్తనపు సంచిలో 450 గ్రాముల బి.టి. విత్తనముతోబాటు 120 గ్రాముల మామూలు విత్తనమును విడిగా ఇచ్చుచుండిరి. పురుగుకు వదలిన పంటవలన రాబడి ఏమని చాలమంది దానిని నాటలేదు. గుజరాతులోని నాలుగు జిల్లాలలో గులాబీరంగు పురుగు మొదటి బి.టి. పత్తిని తట్టుకొనుచున్నదని 2010లో వెల్లడియయ్యెను. ఆంధ్ర, తెలంగాణ పత్తిరైతులును ఈ పురుగు బాధ ఎరుగనివారు కారు.

పత్తి తరువాత వంకాయ వంతు వచ్చెను. 2009 అక్టోబరులో కేంద్రప్రభుత్వపు సంఘము బి.టి. వంగను ఆమోదించెను. మంత్రి జైరాం రమేశ్ హైదరాబాదుతో సహా ఏడు నగరములలో బహిరంగ సభలు జరిపి, రైతులను, శాస్త్రజ్ఞులను, వినియోగదారులను విని, 2010 ఫిబ్రవరి 9న దానిని నిలిపివేసెను. స్వతంత్ర పరీక్షలు చాలలేదనుట ఆయన చెప్పిన కారణములలో ఒకటి. బంగ్లాదేశ్ 2013లో అదే వంగను అనుమతించెను.

నిలిపివేయుటకును మూల్యము కలదు. కాయతొలుచు పురుగునకై వంగతోటలో మరల మరల విషము చల్లు కూలివాని ఊపిరితిత్తులు ఆ మూల్యమును చెల్లించుచున్నవి. ప్రోటీను పేగులో ఏమిచేయునో ప్రయోగశాల చెప్పగలదు. ఎవరి నష్టమునకు ఎవరు బాధ్యులో, ఎవరి అనుమతి కావలెనో అది చెప్పజాలదు. విత్తువాడును, చల్లువాడును, తినువాడును కలిసి కూర్చుండి తేల్చుకొనవలసిన లెక్క అది.