క్వేకర్ ఉద్యమం: పుట్టుక, తొలి దశ చరిత్ర

క్వేకర్ ఉద్యమం 17వ శతాబ్దం నడిమి కాలంలో ఇంగ్లండ్‌లో పుట్టిన క్రైస్తవ ఉద్యమం. దీని అధికారిక నామం రిలీజియస్ సొసైటీ ఆఫ్ ఫ్రెండ్స్. దేవుడు ప్రతి మనిషి లోపలా వెలుగై ఉంటాడనీ, నేరుగా మాట్లాడతాడనీ, మధ్యలో పాదిరి గానీ బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం వంటి సంస్కారాలు గానీ అక్కర్లేదనీ దీని మూల విశ్వాసం. ఇవాళ క్వేకర్లనగానే మౌన ప్రార్థన, యుద్ధ వ్యతిరేకత గుర్తుకొస్తాయి. 1650లలో వాళ్లను చూసినవారికి మాత్రం ఈ రెండూ తట్టేవి కావు. ప్రసంగం మధ్యలో లేచి పాదిరిని నిలదీసేవాళ్లు, సంతలో నిలబడి పశ్చాత్తాపపడమని కేకలు వేసేవాళ్లు, పాలకులకు తల వంచనివాళ్లు అనే పేరే ఉండేది. అంత రేగిపోయిన గుంపు ఒక్క తరంలో క్రమశిక్షణ గల సమాజంగా మారింది. ఆ మార్పు సగం వాళ్ల ఎంపిక, సగం దెబ్బలు నేర్పిన పాఠం.

కలతల కాలం

1642లో రాజుకూ పార్లమెంటుకూ మధ్య అంతర్యుద్ధం మొదలైంది. 1649 జనవరిలో మొదటి చార్లెస్ తల తెగింది. బిషప్పుల అధికారం, పుస్తకాల మీద అదుపు రెండూ సడలాయి. ఎవరికి తోచింది వారు బోధించారు, అచ్చువేశారు. ఏ చర్చిలోనూ నిజం దొరకలేదని విడిగా కూడి, మౌనంగా ఎదురుచూసే ‘సీకర్లు’ అనే బృందాలు ఉత్తరాది పల్లెల్లో ఏర్పడ్డాయి. పంటలో, ఆదాయంలో పదోవంతు చర్చికి చెల్లించాల్సిన దశమభాగం మీద రైతుల్లో కోపం పేరుకుపోయి ఉంది. క్వేకర్ల మాట ఈ నేలలోనే వేళ్లూనింది. కేవలం ఒక మనిషి దర్శనాలతో ఇదంతా పుట్టిందనుకోవడం సరికాదు.

ఆ మనిషి జార్జ్ ఫాక్స్. 1624 జులైలో లెస్టర్‌షైర్‌లోని ఫెనీ డ్రేటన్ అనే ఊళ్లో ఒక నేతగాడి ఇంట పుట్టాడు. చెప్పులు కుడుతూ ఉన్ని, పశువుల వ్యాపారం కూడా చేసే ఒకరి దగ్గర పని నేర్చుకున్నాడు. 1643లో, 19 ఏళ్ల వయసులో, ఇల్లు విడిచాడు. మతం పేరు చెప్పుకునేవారి నడవడికీ మాటకూ పొంతన లేదన్నది అతని బాధ. పాదిరుల చుట్టూ తిరిగాడు. ఎవరి సలహాతోనూ మనసు కుదుటపడలేదు. 1647లో, మనుషుల మీద ఆశ పూర్తిగా వదులుకున్నాక, తన స్థితి ఎరిగి మాట్లాడగలవాడు క్రీస్తు ఒక్కడేనని లోపల స్వరం వినిపించిందని తరువాత చెప్పుకున్నాడు. అప్పటి నుంచి ఊరూరా తిరిగి బోధించసాగాడు. నాటింగ్‌హామ్‌షైర్‌కు చెందిన ఎలిజబెత్ హూటన్ అతని మాట తొలినాళ్లలోనే నమ్మిన వ్యక్తి, ఈ ఉద్యమంలో తొలి మహిళా బోధకురాలు.

1649లో నాటింగ్‌హామ్‌లో చర్చి ప్రసంగానికి అడ్డుపడినందుకు ఫాక్స్ జైలుకు వెళ్లాడు. 1650లో డర్బీలో దైవదూషణ నేరం కింద మళ్లీ పట్టుబడ్డాడు. దేవుని మాట ముందు వణకండి అని అతను చెప్పగా, జెర్వేస్ బెనెట్ అనే మెజిస్ట్రేటు వెక్కిరింతగా ‘వణికేవాళ్లు’ అన్న అర్థంలో క్వేకర్లు అన్నాడని ఫాక్స్ కథనం. డర్బీ జైల్లో ఉండగానే పార్లమెంటు సైన్యంలో కెప్టెన్ పదవి ఇస్తామంటే వద్దన్నాడు. దాదాపు ఏడాది తరువాత బయటికొచ్చి, చలికాలంలో చెప్పులు విడిచి లిచ్‌ఫీల్డ్ వీధుల్లో నెత్తుటి నగరానికి శాపమంటూ అరుస్తూ తిరిగాడు. తరువాతి తరం క్వేకర్లకు కాస్త ఇబ్బంది కలిగించే ఘట్టమిది.

1652: ఉత్తరాదిలో వెల్లువ

ఉద్యమానికి నిజమైన పుట్టిన సంవత్సరం 1652 అనడమే సబబు. ఆ వేసవిలో ఫాక్స్ లాంకషైర్‌లోని పెండిల్ హిల్ ఎక్కి, కూడబోయే గొప్ప జనాన్ని దర్శనంలో చూశానన్నాడు. జూన్ 13న సెడ్‌బర్గ్ దగ్గరి ఫర్‌బాంక్ ఫెల్ అనే గుట్ట మీద, బండరాయి ఎక్కి, వెయ్యిమందికి పైగా సీకర్లకు దాదాపు మూడు గంటలు బోధించాడు. అంతకాలం మౌనంగా ఎదురుచూసిన ఆ బృందాలు నాయకులతో సహా కదిలి వచ్చాయి. ఫ్రాన్సిస్ హౌగిల్, జాన్ ఆడ్‌లాండ్ అలా వచ్చినవారే. ఫాక్స్ వారిని మార్చాడన్నది ఎంత నిజమో, వారు ఫాక్స్‌కు తయారైన సైన్యంలా దొరికారన్నదీ అంతే నిజం.

అదే నెలాఖరుకు అతను అల్‌వర్‌స్టన్ సమీపంలోని స్వార్త్‌మోర్ హాల్‌కు చేరాడు. ఇంటి యజమాని థామస్ ఫెల్ న్యాయమూర్తి, పలుకుబడి గల మనిషి, అప్పుడు ఊళ్లో లేడు. భార్య మార్గరెట్ ఫెల్ ఫాక్స్ మాట విని కదిలిపోయింది. తిరిగొచ్చిన భర్త ఎన్నడూ క్వేకరు కాలేదు, అయినా తన ఇంట్లో సమావేశాలు జరుపుకోనిచ్చాడు. 1658లో చనిపోయేదాకా అతని అండ వారికి కవచంగా పనిచేసింది. మార్గరెట్ ఆ ఇంటిని ఉద్యమానికి తపాలా కేంద్రంగా మార్చింది. దేశమంతా తిరిగే బోధకుల ఉత్తరాలు అక్కడికే చేరేవి, జవాబులు అక్కడి నుంచే వెళ్లేవి. 1654లో కెండల్ ఊళ్లో నిధి ఒకటి ఏర్పడింది. బోధకుల బూట్లకు, బట్టలకు, ప్రయాణాలకు, జైల్లో ఉన్నవారి అవసరాలకు దాని నుంచి డబ్బు వెళ్లేది. ఫాక్స్ గొంతు ఎంత ముఖ్యమో ఈ జమాఖర్చూ అంతే ముఖ్యం. అదే కాలంలో పుట్టిన రాంటర్లు, మగల్‌టోనియన్లు వంటి బృందాలు పెద్దగా ఎదగకపోవడానికీ, క్వేకర్లు నిలవడానికీ ఉన్న తేడాల్లో ఇదొకటి.

1654 నుంచి బోధకులు ఇద్దరిద్దరుగా దక్షిణానికి కదిలారు. రైతులు, చేతిపనులవారు, ఇంటి పనిమనుషులు అందులో ఉన్నారు. తరువాతి కాలం వీరిని ‘వేలియంట్ సిక్స్‌టీ’ అంది. ఎడ్వర్డ్ బరో, హౌగిల్ లండన్‌కు, ఆడ్‌లాండ్, జాన్ క్యామ్ బ్రిస్టల్‌కు వెళ్లారు. ఆక్స్‌ఫర్డ్‌లో బోధించబోయిన ఎలిజబెత్ ఫ్లెచర్, ఎలిజబెత్ లెవెన్స్‌లను విద్యార్థులు హింసించారు, అధికారులు కొరడాలతో కొట్టించారు. జేమ్స్ పార్నెల్ అనే కుర్రవాడు 1656లో కోల్చెస్టర్ కోట జైల్లోనే చనిపోయాడు. 1660 నాటికి ఇంగ్లండ్‌లో క్వేకర్ల సంఖ్య 40,000 దాకా ఉండవచ్చనీ, 60,000కు చేరి ఉండవచ్చనీ చరిత్రకారుల అంచనాలు.

టోపీ తీయని జనం

పాలకులను సిద్ధాంతం కంటే ఎక్కువగా గుచ్చింది నడవడి. పెద్దల ముందు, కోర్టులో సైతం, క్వేకర్లు టోపీ తీసేవారు కారు. ఎవరినైనా ‘మీరు’ అనకుండా ‘నువ్వు’ అనే పలకరించేవారు. నెలలకూ వారాలకూ అన్యదేవతల పేర్లున్నాయని మొదటి నెల, రెండో రోజు అంటూ అంకెలతో చెప్పేవారు. చర్చిని గోపురపు ఇల్లు అనేవారు. దశమభాగం కట్టేవారు కారు. కొందరు ప్రజల పాపానికి గుర్తుగా నగ్నంగా వీధుల్లో నడిచారు. దుకాణంలో బేరాలు వద్దని ఒకే ధర చెప్పడం కూడా వీరి అలవాటే. మొదట నవ్వులపాలైనా, పిల్లను పంపినా మోసపోమన్న నమ్మకం జనంలో కలిగి వ్యాపారం పెరిగింది.

వీటన్నిటిలోకీ ఎక్కువ ఖరీదు చెల్లించింది ప్రమాణం చేయకపోవడానికి. ఎప్పుడూ నిజమే చెప్పేవాడికి విడిగా ఒట్టెందుకు అన్నది వారి వాదం, దానికి సువార్తలోని క్రీస్తు బోధ ఆధారం. ప్రభుత్వం మాత్రం విధేయతా ప్రమాణాన్నే రాజభక్తికి కొలతగా పెట్టుకుంది. వేరే నేరమేదీ రుజువు కాని క్వేకరును కూడా ప్రమాణం చేయమని అడిగితే చాలు, జైలుకు పంపవచ్చు. మెజిస్ట్రేట్లు ఈ ఉపాయాన్ని దశాబ్దాలపాటు వాడుకున్నారు.

నేలర్ వ్యవహారం

జేమ్స్ నేలర్ యార్క్‌షైర్ రైతు, పార్లమెంటు సైన్యంలో క్వార్టర్‌మాస్టర్‌గా పనిచేసినవాడు. వాగ్ధాటిలో, రచనలో ఫాక్స్‌ను మించినవాడు. 1655లో లండన్ చేరాక, ఉద్యమానికి అసలు నాయకుడు అతనే అనుకున్నవారు చాలామంది. అతని చుట్టూ మార్తా సిమన్స్ వంటి అభిమానుల గుంపు చేరింది. 1656లో ఎక్సెటర్ జైల్లో ఉన్న నేలర్‌ను చూడవచ్చిన ఫాక్స్, అతను ముద్దు పెట్టబోతే పాదం చాపాడు. ఇద్దరి మధ్యా తెగిపోయింది.

ఆ అక్టోబరులో, వాన కురుస్తుండగా, నేలర్ గుర్రమెక్కి బ్రిస్టల్‌లో ప్రవేశించాడు. వెంట ఉన్నవారు పరిశుద్ధుడంటూ పాడుతూ నడిచారు. క్రీస్తు యెరూషలేము ప్రవేశాన్ని గుర్తుచేసే ఆ ఊరేగింపు, తనలో ఉన్న వెలుగుకు చిహ్నం మాత్రమేనని అతను వాదించాడు. పార్లమెంటే విచారణకు కూర్చుని రోజుల తరబడి చర్చించింది. మరణశిక్ష ప్రతిపాదన 82కు 96 ఓట్లతో వీగిపోయింది. బదులుగా బొండకొయ్యలో నిలబెట్టారు, వీధుల వెంట కొరడాలతో కొట్టారు, ఎర్రగా కాల్చిన ఇనుముతో నాలుకకు చిల్లు పొడిచారు, నుదుట దైవదూషణకు గుర్తుగా అక్షరం వాత వేశారు. ఏ అధికారంతో ఈ తీర్పు ఇచ్చారని దేశాధిపతి క్రామ్‌వెల్ పార్లమెంటును అడిగాడు గానీ శిక్ష ఆపలేదు. 1659లో విడుదలైన నేలర్, తరువాత ఫాక్స్‌తో సమాధానపడ్డాడు. 1660లో ఇంటి దారి పట్టి, దోపిడీకి గురై కన్నుమూశాడు.

నేలర్ పతనం క్వేకర్లకు ఒక చేదు ప్రశ్న మిగిల్చింది. ఎవరి లోపలి వెలుగు వారిదే అయితే, దారి తప్పినవాణ్ణి ఆపేదెవరు? సమూహం కూర్చుని వ్యక్తి ప్రేరణను పరీక్షించాలన్న నియమం తరువాతి ఏళ్లలో బలపడింది ఇందుకే.

శాంతి ప్రకటన

1650లలో క్వేకర్లలో మాజీ సైనికులు మెండు. ఫాక్స్ తాను ఆయుధం పట్టనన్నా, ఆ మాట అందరికీ నియమం కాలేదు. 1660లో రెండో చార్లెస్ సింహాసనం ఎక్కాడు. ఆ జూన్‌లోనే మార్గరెట్ ఫెల్ తాము శాంతినే కోరే ప్రజలమని రాసిన పత్రాన్ని రాజుకు అందించింది. 1661 జనవరిలో థామస్ వెనర్ నాయకత్వంలో ఫిఫ్త్ మోనార్కిస్టులు అనే మతబృందం వారు లండన్‌లో తిరుగుబాటు చేశారు. ఆ సాకుతో 4,000 మందికి పైగా క్వేకర్లను జైళ్లలో కుక్కారు. ఫాక్స్‌తో కలిపి 12 మంది సంతకాలతో అదే నెల రాజుకు చేరిన ప్రకటన, ఏ లక్ష్యం కోసమైనా, ఎవరి కోసమైనా బాహ్య ఆయుధాలతో పోరాడబోమని చెప్పింది. దాని వెనుక భయం లేదనలేం. కానీ ఆపద గడిచాక కూడా మాట వెనక్కి తీసుకోలేదు.

అయినా అణచివేత ఆగలేదు. 1662 క్వేకర్ చట్టం, 1664, 1670 కన్వెంటికల్ చట్టాలు వారి సమావేశాలనే నేరం చేశాయి. మిగతా అసమ్మతి బృందాలు చాటుమాటుగా కూడితే క్వేకర్లు తలుపులు తెరిచి కూర్చున్నారు. పెద్దలందరినీ పట్టుకుపోయిన ఊళ్లలో పిల్లలు సమావేశం నడిపారు. 1689 వరకు దాదాపు 15,000 మంది జైలుపాలయ్యారనీ, సుమారు 450 మంది అందులోనే చనిపోయారనీ లెక్క. మార్గరెట్ ఫెల్ నాలుగేళ్లు లాంకాస్టర్ కోటలో ఉంది. స్త్రీలు బోధించడం లేఖన సమ్మతమేనని వాదించే ఆమె పుస్తకం 1666లో అచ్చయింది. 1669లో ఆమె, ఫాక్స్ పెళ్లి చేసుకున్నారు.

ఈ కేసుల్లో ఒకటి ఇంగ్లండ్ న్యాయచరిత్రనే మలుపు తిప్పింది. 1670లో లండన్ గ్రేస్‌చర్చ్ వీధిలో బోధించినందుకు విలియం పెన్, విలియం మీడ్‌లపై విచారణ జరిగింది. జ్యూరీ వారిని దోషులుగా తేల్చడానికి ఒప్పుకోలేదు. తిండి, నీళ్లు లేకుండా బంధించినా పట్టు విడవలేదు. జరిమానా కట్టనని జైలుకెళ్లిన జ్యూరీ సభ్యుడు ఎడ్వర్డ్ బుషెల్ పైకోర్టుకు వెళ్లాడు. ఇచ్చిన తీర్పుకుగాను జ్యూరీని శిక్షించరాదని ప్రధాన న్యాయమూర్తి జాన్ వాన్ తేల్చాడు.

1666లో జైలు నుంచి వచ్చిన ఫాక్స్ దేశమంతా తిరిగి నెలవారీ, మూణ్నెల్ల సమావేశాలను, స్త్రీలకు ప్రత్యేక సమావేశాలను నెలకొల్పాడు. ఇది మళ్లీ పెత్తనమేనంటూ జాన్ విల్కిన్సన్, జాన్ స్టోరీ 1670లలో చీలిపోయారు. వారి అభ్యంతరంలో సారం లేకపోలేదు. సంస్థ లేకుండా మాత్రం ఉద్యమం ఆ దశాబ్దాలు దాటేది కాదు.

అట్లాంటిక్ అవతల

1656 జులైలో మేరీ ఫిషర్, ఆన్ ఆస్టిన్ బోస్టన్‌లో దిగారు. ప్యూరిటన్ అధికారులు పుస్తకాలు తగలబెట్టి, మంత్రగత్తెలేమోనని బట్టలు విప్పించి వెతికి, ఐదు వారాలు బంధించి తిప్పి పంపారు. అదే మేరీ ఫిషర్, ఒకప్పటి పనిమనిషి, 1658లో ఏడ్రియనోపుల్ దగ్గర ఒట్టోమన్ సుల్తాన్ నాలుగో మెహ్మద్‌ను కలిస్తే ఆయన మర్యాదగా విని పంపాడు. బోస్టన్‌లో బహిష్కరించినా తిరిగొచ్చినందుకు 1659లో విలియం రాబిన్సన్, మార్మడ్యూక్ స్టీవెన్సన్, 1660లో మేరీ డయ్యర్, 1661లో విలియం లెడ్రా ఉరికంబం ఎక్కారు. ఆ తరువాత రాజు ఆజ్ఞతో ఉరిశిక్షలు ఆగాయి.

పెన్ తండ్రికి ప్రభుత్వం బాకీపడిన 16,000 పౌండ్లకు బదులుగా 1681లో రెండో చార్లెస్ అతనికి పెన్సిల్వేనియాను రాసిచ్చాడు. మత స్వేచ్ఛ, సైన్యం లేని పాలన అక్కడ ఆచరణలోకి వచ్చాయి. అయితే పెన్‌కు బానిసలున్నారు. 1671లో బార్బడోస్ వెళ్లిన ఫాక్స్, బానిసలను దయగా చూసి కొన్నేళ్లకు విడిచిపెట్టమన్నాడే తప్ప బానిసత్వాన్నే ఖండించలేదు. ఆ మాట అన్నది 1688లో జర్మన్‌టౌన్‌కు చెందిన నలుగురు. వారి నిరసన పత్రాన్ని పై సమావేశాలు పక్కన పెట్టాయి. ఫిలడెల్ఫియా వార్షిక సమావేశం సభ్యులు బానిసలను ఉంచుకోరాదని నిషేధించేసరికి 1776 వచ్చింది.

1689 సహన చట్టంతో ఇంగ్లండ్‌లో క్వేకర్ల ఆరాధన చట్టబద్ధమైంది. 1696లో ప్రమాణానికి బదులు ధ్రువీకరణ చెప్పే వీలు కలిగింది. దశమభాగం గొడవ మాత్రం సాగుతూనే ఉంది.

ఫాక్స్ 1691 జనవరి 13న లండన్‌లో చనిపోయాడు. అతను చెప్పగా రాసుకున్న ‘జర్నల్’ను థామస్ ఎల్‌వుడ్ సరిచేయగా 1694లో, పెన్ ముందుమాటతో, వెలువడింది. ఈ చరిత్రలో ఎక్కువ భాగం మనకు ఆ పుస్తకం కళ్లతోనే కనిపిస్తుంది. నేలర్‌కు అందులో దక్కిన చోటు బహు కొద్ది. అతని రచనలను జార్జ్ వైట్‌హెడ్ సంపుటిగా తెచ్చింది 1716లో. తొలి క్వేకర్లను తెలుసుకోగోరేవారు ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.