బుడ్డల ధర పడిన ఏడు

ఆ కందికట్టె రొంత లోపలికి తొయ్యి అబ్బీ, పొగంతా నా పక్కకే వస్తాంది. ఆ... ఇప్పుడు చెప్పు. ఏమంటివి? సింగపూర్లో ఉండే మీ బావ రెండేండ్లు ఊరికే పోగొట్టుకుంటాండాడనా? కాలేజీ సీటు చేతికొచ్చినాక, అది పక్కన పెట్టి పరాయి దేశం పట్టాళంలో తుపాకి మోసుకోని తిరుగుతాండాడనా?

మొదుట్లో నేనూ అదే మాటన్నా. ఫోన్లోనే మీ అత్తమీద కేకలేసినా. ఆమె ఏడిచింది. ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. బిడ్డను ఏడిపించినందుకు కాదు. మనింట్లో కాలేజీ ఇడిసిపెట్టి పరాయోడి పట్టాళానికి పోయిన మొదటి మనిషి మీ బావ కాదు. మా చిన్నాయన పోయినాడు, 1940లో. ఆ కథ మీ నాయనకు గూడా నేను పూర్తిగా చెప్పలేదు. దగ్గరికి జరగండి.

అప్పుడు నాకు రెండేండ్లు. కాబట్టి పోయిన ముచ్చట మా జేజి చెప్పింది, వచ్చిన ముచ్చట నేను కండ్లారా చూసింది. చిన్నాయన అనంతపురంలో ఇంటరు చదువుతాండె. సీడెడ్ జిల్లాలకంతా అప్పుడుండిన పెద్ద కాలేజీలు చేతివేళ్లమీద లెక్కబెట్టొచ్చు. మదనపల్లెలో ఒకటి 1915లో పెట్టినారు, అనంతపురంలో ఒకటి 1916లో. కడప జిల్లా పల్లెటూరోడు కాలేజీకి పోయినాడంటే, మెట్రిక్ పాసైనాడనే కాదు, వాని వెనకాల ఒక ఇల్లు మొత్తం వంగి నిలబడిందని అర్థం. జేజి తన కాళ్ల కడియాలు అమ్మింది. మా నాయన బడి మానుకోని మడక పట్టినాడు.

మనకు ఆడికాడికి రేగడి, అండ్లో జొన్న, పత్తి. మిగతాదంతా ఎర్రనేల, అండ్లో బుడ్డలు. ఫీజు కట్టేది బుడ్డల దుడ్డుతోనే. ఆ బుడ్డలు ప్రొద్దుటూరు మండీకి పోయి, ఆడినుంచి మద్రాసు రేవుకు పోయి, ఓడెక్కి ఫ్రాన్సు దేశానికి పోయేటివి. మార్సేల్స్ అని ఒక రేవు ఉంది. అక్కడి మిల్లుల్లో మన గింజల నూనె తీసి సబ్బులు చేసేవాండ్లు. మా జేజికి ఫ్రాన్సంటే ఏందో తెలీదు. 1940 జూన్‌లో జర్మనీ వాండ్లు ఆ ఫ్రాన్సును మింగినారు. ఓడలు నిల్చిపోయినాయి. ఆ ఏడు కళ్లంలో రాశి పోసిన బుడ్డలను అడిగే నాథుడు లేడు. యాడనో సముద్రాలవతల కోట కూలితే, ఈడ మన పిల్లోని ఫీజు కూలిపోయింది. ఈ లంకె నాకు పెద్దయినాక, పుస్తకాలు చూసినాక తెలిసింది. అప్పుడైతే అందరూ దేవుడే అనుకున్నారు.

అదే సమయంలో ఊరూరా పట్టాళంలోకి మనుషులను తీసుకుంటాండ్రి. 1939 సెప్టెంబరులో ఢిల్లీలో ఉండే వైస్రాయి, ఈ దేశంలో ఎవురినీ ఒక మాట అడక్కుండా, మనం గూడా యుద్ధంలో ఉండామని చాటింపు వేసినాడు. కడాకు 25 లక్షల మంది పోయినారు ఆ పట్టాళంలోకి. బలవంతం లేదు, అందరూ తమంతట తామే పోయినోళ్లు అని రాస్తారు పుస్తకాల్లో. నిజమే. మా చిన్నాయనను గూడా ఎవురూ పట్టుకోని పోలేదు. బుడ్డల రాశి పక్కన కూచోని ఆలోచన చేసి పోయినాడు. "రెండేండ్లు, అంతే అమ్మా. జీతం పంపిస్తా, అప్పు తీరుతుంది. మల్ల వచ్చి చదువుకుంటా. కాలేజీ యాడికి పోతుంది?" అన్నాడంట. పుస్తకాలు ట్రంకుపెట్టెలో సర్ది, మూతకు తాడు కట్టి, అటక మీద పెట్టి పోయినాడు. వయసు పద్ధెనిమిది.

ఇంకొక మాట చెప్పల్ల. అదే అనంతపురం కాలేజీలో పదేండ్ల ముందర ఇల్లూరు పిల్లోడొకడు చదువు నిలిపేసినాడు. నీలం సంజీవరెడ్డి. 1929లో గాంధీ అనంతపురం వచ్చి పోయినాక ఆయన మనసు మారిపోయింది, 1931లో కాలేజీ ఇడిసి కాంగ్రెసులోకి పోయినాడు, జైళ్లకు పోయినాడు, కడాకు రాష్ట్రపతి అయినాడు. హాస్టల్లో పిల్లోళ్లు ఆయన్ను గురించి చెప్పుకునేవాండ్లని చిన్నాయన అనేవాడు. దేశం కోసం చదువు మానినోడిని దేశం గుర్తు పెట్టుకుంటుంది. ఫీజు లేక మానినోడిని ఎవురు గుర్తు పెట్టుకుంటారు? ఈ మాట నాది, ఆయనది కాదు. ఆయన ఎప్పుడూ ఎవురినీ తప్పు పట్టలేదు.

బెంగళూరులో కవాతు నేర్పించి, మలయాకు ఓడెక్కించినారు. ఇంగ్లీషు వచ్చినోడు గదా, సామాన్ల గిడ్డంగిలో లెక్కలు రాసే పనిచ్చినారు. తుపాకి కంటే కలమే ఎక్కువ పట్టినా అనేవాడు. జీతం నెలనెలా వచ్చింది, అప్పు సగం తీరింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానోళ్ల చేతికి పోయింది. ఆ పొద్దుతో ఉత్తరం నిల్చిపోయింది, మనియార్డరు నిల్చిపోయింది. మూడేండ్లకు పైగా ఆయన ఉండాడో పోయినాడో ఇంట్లో తెలీదు. జేజి ప్రతి శనివారం దేవుని కడపకు మొక్కుకుంటాండె, పెద్దదర్గాలో చక్కెర చదివిస్తాండె.

ఆయన ఈ ముచ్చట నోరు తెరిచి చెప్పింది ఒక్కసారే, ఇట్లనే నెగడు కాడ. సింగపూరు పడిన రెండోదినం మన సిపాయిలందరినీ ఫారర్ పార్కు అనే మైదానంలో నిలబెట్టినారంట. నలభై వేల మందికి పైనే. తెల్లదొరొకడు లేచి, ఈ పొద్దునుంచి మీరు జపాను వాండ్ల మాట వినండి అని చెప్పి, కాగితాలు వాండ్ల చేతికిచ్చి పోయినాడంట. "సంతలో పలుపుతాడు చేతులు మారినట్టు మారినాం రా" అన్నాడు. ఆ తర్వాత కొందరు మోహన్‌సింగ్ కట్టిన ఆజాద్ హింద్ ఫౌజులో చేరినారు, కొందరు చేరలేదు. చేరనోళ్లను శానామందిని ఓడల్లో న్యూగినీ దీవులకు కూలిపనికి తోలినారు, వాండ్లలో ఎందరో తిరిగి రాలేదు. చిన్నాయన ఏడాది పైన శిబిరంలోనే ఉన్నాడు. కర్రపెండలం దుంపలు తిని బతికినాడు. ఊర్లోకి ఎప్పుడన్నా ఆ దుంపలు అమ్మొస్తే ఆయన లేచి చేనికి పోయేవాడు.

1943 జూలైలో సుభాష్ బోసు వచ్చినాడు. పాడాంగ్ అని సముద్రం పక్కన ఒక పెద్ద మైదానం, ఆడ ఫౌజును నిలబెట్టి మాట్లాడినాడు. బోసు మాట్లాడేది హిందుస్తానీలో, దాన్ని అరవంలో తిప్పి చెప్పేవాండ్లు, అక్కడ అరవం వాండ్లు శానామంది గాబట్టి. మా చిన్నాయనకు హిందుస్తానీ అరకొర, అరవం అరకొర. "రెండు అరలూ కలిపితే ఒక మాట అర్థమయ్యె" అన్నాడు. ఆ దినం పేరు రాయించినాడు. ఎందుకు రాయిస్తివి అని నేనడిగినా. శానాసేపు కట్టెలు ఎగదోసి, "మొదటిసారి పేరు రాయించింది దుడ్డుకు. రెండోసారన్నా వేరే దానికి రాయిద్దామని" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు.

1946లో వచ్చినాడు. నాకు ఎనిమిదేండ్లు. ఎర్రగుంట్ల స్టేషన్లో బొంబాయి మెయిలు దిగినాడు. ఎముకల గూడు, చేతిలో రేకు డబ్బా. మేం బండి కట్టుకోని పోయింటిమి. జేజి గుర్తుపట్టలేదు. ఆయనే వచ్చి కాళ్లమీద పడినాడు. ఫౌజులోనుంచి పట్టుబడినోళ్లను ఇంగ్లీషోళ్లు తెల్ల, బూడిద, నల్ల అని మూడు రకాలుగా ఏరి, నల్లోళ్లను కొలువులోనుంచి తీసేసినారప్పుడు. ఆయన నల్లోళ్లలో ఉన్నాడు. రావాల్సిన బాకీ జీతం రాలేదు. ఊర్లో ఒక దినం పూలదండ వేసినారు. రెండోదినం అప్పులోడు వచ్చినాడు.

ఆ జూన్‌లో అటక మీది ట్రంకుపెట్టె దించినాడు. చెదలు కొంచెమే పట్టినాయి. తెల్లచొక్కా వేసుకోని అనంతపురం రైలెక్కినాడు. ఆ మాపటికే తిరిగొచ్చినాడు. గేటు కాడ నిలబడి చూసినాడంట. మీసాలు రాని పిల్లోళ్లు పుస్తకాలు పట్టుకోని పోతాండ్రంట. తనకు ఇరవై నాలుగు. "ఎవురూ పో అన్లేదు. ఎవురూ రా అన్లేదు" అన్నాడు జేజితో. మరుసటి దినం మా నాయన చేతిలోనుంచి మడక తీసుకున్నాడు. 1972లో ఢిల్లీ ప్రభుత్వం స్వాతంత్ర్య సమరయోధులకు పింఛను పెడితే, ఫౌజు వాండ్లకు గూడా వస్తుందని అందరూ చెప్పినారు. కాగితం తెచ్చిచ్చినా. దాన్ని మడిచి అదే ట్రంకులో పెట్టినాడు.

నన్ను చదివించింది ఆయనే. 1955లో కర్నూలు తీసుకుపోయి ఉస్మానియా కాలేజీలో చేర్పించినాడు, డాక్టర్ అబ్దుల్ హక్ గారు 1947లో పెట్టిన కాలేజీ. కర్నూలు అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. డేరాల్లో ఆఫీసులు నడిపినారంటే మీరు నమ్మరు. బస్సులో పోతాంటే కె.సి. కాలవ కనపడింది. సుంకేసులలో తుంగభద్ర కాడ బయలుదేరి మన కడప దాకా వచ్చే కాలవ. "చూడరా, ఈ నీళ్లు కర్నూలునుంచి మనూరి పక్కకొస్తాయి, మనం ఎదురెక్కి పోతాండాం" అని నవ్వినాడు. ఆయన నవ్వింది నాకు జ్ఞాపకం ఉండేది తక్కువ. నేను ఫీజు కట్టి తిరిగి చూస్తే మనిషి లేడు. వరండా అంతా వెతికినా. ఒక ఖాళీ తరగతిలో, కడాపటి బెంచీ మీద, చేతులు బల్ల మీద పెట్టుకోని కూచోనుండాడు. నేను పిలవలేదు. గంట కొట్టినాక ఆయనే లేచి వచ్చినాడు.

ఇప్పుడు మీ బావ ముచ్చటకొస్తా.

సింగపూరు 1965 ఆగస్టులో వేరే దేశమైంది. వాండ్లకు అప్పుడుండింది రెండే రెండు పటాలాలు. ఇంగ్లీషోళ్లు ఇడిసి పోతాండారు, చుట్టూ పెద్ద దేశాలు. 1967లో చట్టం చేసినారు, పద్ధెనిమిదేండ్లు నిండిన ప్రతి మగపిల్లోడూ పట్టాళంలో పని చేయల్లని. ముందు కొందరికి రెండున్నరేండ్లుండె, ఇప్పుడు అందరికీ రెండేండ్లు. మంత్రి కొడుకైనా, బండి తోలేవాని కొడుకైనా ఒకటే. అక్కడ పుట్టినోళ్లకే కాదు, తల్లిదండ్రుల వెంట పోయి శాశ్వత నివాసం తీసుకున్న పిల్లోళ్లకూ ఉంది. ఉద్యోగానికి పోయిన మీ మామకు లేదు, మీ బావకు ఉంది. మానుకోవల్లంటే నివాసం ఒదులుకోని రావల్ల, మల్ల ఆ దేశంలో చదువుకనో పనికనో పోతే కష్టమవుతుంది. ఆడపిల్లోళ్లకు లేదు గాబట్టి, మీ బావ తరగతిలో చదివిన ఆడబిడ్డలు ఇప్పటికే కాలేజీలో ఉండారు.

పడవెక్కించి టెకాంగ్ అనే దీవికి తీసుకుపోతారు. తొమ్మిది వారాలు. గుండు కొడతారు. కవాతులో ఆజ్ఞలన్నీ మలయ్ మాటలు. సెదియా అంటే బిగుసుకోని నిలబడల్ల. వాని పక్క మంచం చీనా పిల్లోడు, అవతల మలయ్ పిల్లోడు, ఇవతల అరవ పిల్లోడు. మనోడు బళ్లో చదివింది గూడా అరవమే, తెలుగు ఆ బళ్లలో లేదు. కడాపట 24 కిలోమీటర్లు మూట మోసుకోని నడిచి, కవాతు చేసి టోపీలు ఎగరేస్తారు. మీ అత్త ఫోన్లో చూపించింది. నాకు వాడు కనపడలేదు, గుండ్లే కనపడినాయి, అయినా కండ్లలో నీళ్లొచ్చె.

మా చిన్నాయన పేరు రాయించిన పాడాంగ్ ఆ ఊర్లోనే ఉంది. వానికి చెప్పినా, అక్కడ సముద్రం పక్కన ఫౌజు వాండ్ల గుర్తుగా బోసు 1945లో రాయి వేయించిన స్తంభం ఉండె, ఇంగ్లీషోళ్లు తిరిగొచ్చినాక పడగొట్టినారు, 1995లో అదే చోట గుర్తుపలక పెట్టినారు, పోయి చూసి రా అని. పోయినాడు. ఎండలో నిలబడి ఫోన్ చేసి, "తాతా, ఈడ ఏం చేయల్ల?" అని అడిగినాడు. ఏం చేయొద్దు, రొంతసేపు నిలబడు చాలు అన్నా. నిలబడినాడు. ఫోన్లో గాలి చప్పుడొక్కటే వినపడె.

పరాయి దేశం పట్టాళం అనే మాట ఇప్పటికీ నాకు ముల్లే. అది తీసేస్తే పోయేది కాదు. వాని చేతిలో ఉండేది మన దేశం పాస్‌పోర్టు, మోసేది వేరే దేశం తుపాకి. ఏ దేశమోడు కావల్లో వాడే తేల్చుకోవల్ల, రెండూ అంటే రెండు దేశాలూ ఒప్పుకోవు. అది వాని బతుకు. కానీ నా మనసు మార్చింది వేరే సంగతి. మీ అత్త ఏడుపు ఆపుకోని చెప్పిన మాట. "నాయనా, వాని సీటు యాడికీ పోలేదు. యూనివర్సిటీ వాండ్లే కాగితమిచ్చినారు. రెండేండ్లయినాక ఆగస్టులో వచ్చి చేరమన్నారు." ఆ కాగితాన్ని ఫోన్లో పంపమన్నా. పెద్దక్షరాలు చేసి రెండుసార్లు చదివినా. వాని పేరు, చదువు పేరు, చేరే ఏడు. మూడూ అచ్చు వేసుండాయి.

వచ్చే ఆగస్టే అది. వాణ్ణి వారం ఆఖర్లో ఇంటికి పంపిస్తారు. ఆదివారం మనకు పొద్దున ఆరున్నరయితే వాండ్లకు తొమ్మిది. అప్పుడు చేస్తాడు. మీరంతా రేపు లేచి ఉండండి, మీరే అడగండి వాణ్ణి, రెండేండ్లు పోయినాయా లేదా అని. నేను మాత్రం వారం వారం ఒకటే అడుగుతా. తిన్నావా అని గూడా తర్వాతే.

"సీటు ఉందా అబ్బీ?"

"ఉంది తాతా."