రాత్రిపూట పాముల వెతుకులాట: ఎందుకు వెతుకుతారు, ఎలా వెతుకుతారు?

సూరత్‌లోని సలాబత్‌పురా జౌళి వ్యాపారం నడిచే రద్దీ వాడ. అక్కడ పాముల కోసం రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని తిరగాల్సిన పని ఎవరికీ ఉండదు. అక్కడి నుంచి దక్షిణంగా సుమారు 100 కిలోమీటర్లు వెళ్తే వల్సాడ్ జిల్లాలోని ధరంపూర్ వస్తుంది. వరి మడులు, మామిడి తోటలు, అడవి అంచు గ్రామాలు ఉన్న ప్రాంతమిది. ఇక్కడే గుజరాత్ అటవీశాఖ ఆధ్వర్యంలో పాముల పరిశోధన సంస్థ పనిచేస్తోంది. పాముల నుంచి విషం తీసి, దాన్ని పొడిగా మార్చి, విరుగుడు మందు తయారీకి అందించడం దాని ముఖ్య ఉద్దేశం.

దేశంలో ఇప్పటికే విరుగుడు మందు తయారవుతోంది. అలాంటప్పుడు ఒక రాష్ట్రం తన సొంత పాముల విషం కోసం ఎందుకు ప్రయత్నిస్తోంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఏ పాము ఎక్కడ ఉంటుందో, ఏ వేళలో తిరుగుతుందో తెలియాలి. ఆ సమాచారంలో చాలా భాగం రాత్రి వెతుకులాటలోనే దొరుకుతుంది.

ఏటా 58 వేల మరణాలు

2000 నుంచి 2019 వరకు భారత్‌లో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. మరణాల్లో దాదాపు 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే సంభవించాయి. తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్, గుజరాత్ రెండూ అందులో ఉన్నాయి. సూరత్‌లో స్థిరపడిన తెలుగు నేత కుటుంబాల విషయానికొస్తే, వారి సొంతూరు ఉన్న ప్రాంతమూ, ఇప్పుడు ఉంటున్న రాష్ట్రమూ ఈ జాబితాలోనివే. మరణాల్లో సగం దాకా జూన్-సెప్టెంబరు మధ్యే జరుగుతున్నాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాము కాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేసింది.

రాత్రే ఎందుకు?

పాముల్లో చాలా జాతులు చీకటి పడ్డాకే కదులుతాయి. వాటికి ఆహారమైన ఎలుకలు, కప్పలు ఎక్కువగా తిరిగేది అప్పుడే. వేసవిలో పగటి ఎండను తప్పించుకోవడం మరో కారణం. కట్లపాము పగలంతా ఎలుక బొరియల్లోనో ఇటుకల సందుల్లోనో ముడుచుకుని ఉండి రాత్రి బయటకు వస్తుంది. దాని ఆహారంలో ఎలుకలు, బల్లులతో పాటు ఇతర పాములూ ఉంటాయి. నేలమీద పడుకున్నవారిని నిద్రలో కాటేసే పాముగా దానికి పేరు. చాలాసార్లు ఆ కాటుకు పెద్దగా నొప్పి ఉండదు, వాపు రాదు. తెల్లవారుజామున కడుపునొప్పితో మొదలై, కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దగా మారి, ఊపిరి అందని స్థితి వస్తుంది. అప్పటికీ కాటు గుర్తు కనిపించకపోవచ్చు.

ఈ పాము ఏ ఊళ్లో ఎంతుందో పగటి సర్వేలో సరిగా తేలదు. అందుకే పరిశోధకులు రాత్రి బయలుదేరతారు.

ఎలా వెతుకుతారు?

పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకటి కాలినడక. ఎంచుకున్న దారిలో, నిర్ణీత సమయం పాటు, నెమ్మదిగా టార్చి వేసుకుంటూ నడవడం. రెండోది రోడ్డు సర్వే. వానలు పడిన రాత్రుల్లో వాహనాన్ని చాలా నెమ్మదిగా నడుపుతూ రోడ్డు దాటే పాములను, వాహనాల కింద పడి చనిపోయిన వాటిని నమోదు చేయడం. కనిపించిన చోటు, సమయం, ఉష్ణోగ్రత, తేమ రాసుకుంటారు. ఏమీ కనిపించని రాత్రులను కూడా నమోదు చేస్తారు. అవి లేకపోతే పాముల సంఖ్యపై అంచనా తప్పుతుంది.

పిల్లి, కుక్క, జింక కళ్లు టార్చి వెలుగుకు మెరుస్తాయి. కంటి వెనుక వెలుగును తిప్పికొట్టే పొర ఉండటమే కారణం. పాముల కళ్లలో ఆ పొర లేదు. గడ్డిలో చుక్కల్లా మెరిసేవి చాలావరకు సాలీళ్ల కళ్లు. కాబట్టి పామును వెతికేవారు చూసేది కంటి మెరుపును కాదు. ఒంటి వంపును, పొలుసుల నిగనిగను, ఆకుల మధ్య ఆకుకు సరిపోని గీతను.

ముందు నడిచేవారు అడుగు వేసే చోటును చూస్తారు, వెనుక ఉన్నవారు పొదలను, కొమ్మలను చూస్తారు. ఒంటరిగా వెళ్లకపోవడం, పొడవాటి బూట్లు వేసుకోవడం, కనిపించని చోట చేయి పెట్టకపోవడం, దగ్గర్లో విరుగుడు మందు ఉన్న ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకోవడం ప్రాథమిక నియమాలు.

ఆఫ్రికా పొదల్లోనూ పద్ధతి ఇంతే. అక్కడి పఫ్ యాడర్ అనే పొట్టి, లావు పాము రాలిన ఆకుల్లో కదలకుండా కాపు కాస్తుంది. అది తన వాసన కూడా బయటకు తెలియనివ్వదని 2015లో దక్షిణాఫ్రికా పరిశోధకులు కుక్కలతో, మీర్‌కాట్‌లతో చేసిన ప్రయోగాల్లో చూపించారు. దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలో రాత్రి ఇళ్లలోకి వచ్చి నిద్రలో ఉన్నవారిని కాటేసేది మొజాంబిక్ స్పిటింగ్ కోబ్రా. మన కట్లపాముకు అది అక్కడి ప్రతిరూపం అనుకోవచ్చు.

విశాఖలో మొదలైన జాబితా

పాములను పేరుపేరునా గుర్తించే ప్రయత్నంలో తెలుగు నేలకు పెద్ద స్థానం ఉంది. ఈస్టిండియా కంపెనీ 1785లో ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండి పాములను సేకరించాడు. విషం ఉన్నవాటిని, లేనివాటిని జనం తేడా పట్టగలిగేలా చేయడం ఆయన ఉద్దేశాల్లో ఒకటి. 1796లో వెలువడిన ఆయన గ్రంథంలో పాములకు స్థానికులు పిలిచే పేర్లే ఇచ్చాడు. ‘కాటుక రేకుల పొడ’ అని ఆయన నమోదు చేసిన పామే తర్వాత ఆయన పేరుతో రస్సెల్స్ వైపర్ అయింది. మనం ఇప్పుడు రక్తపింజర అంటున్నది దాన్నే. కట్లపాముల ప్రజాతికి శాస్త్రీయ నామమైన ‘బుంగారస్’ కూడా ఆయన రాసుకున్న ‘బంగారు పాము’ అనే తెలుగు పేరు నుంచి వచ్చిందే.

ఒక ప్రాంతం విషం, మరో ప్రాంతం మందు

దేశంలో దొరికే విరుగుడు మందు నాలుగు పాముల విషంపై పనిచేసేలా తయారవుతుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, రంపపు పొలుసుల చిన్న పింజర. కొద్దికొద్దిగా విషాన్ని గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టే ప్రతిరక్షకాలను వేరు చేస్తారు. దశాబ్దాలుగా ఆ విషంలో అధిక భాగం చెన్నై సమీపంలోని ఇరుల పాములు పట్టేవారి సహకార సంఘం నుంచే వస్తోంది. పాము చర్మాల వ్యాపారంపై నిషేధంతో ఉపాధి పోయిన ఇరుల తెగవారి కోసం రోములస్ విటేకర్ చొరవతో 1978లో ఏర్పడిన సంఘమిది. పట్టిన పాములను కొన్ని వారాలు ఉంచుకుని, విషం తీసి, తిరిగి అడవిలో వదిలేస్తారు. ఈ తెగకు చెందిన మాసి సడయన్, వడివేల్ గోపాల్ 2017లో అమెరికాలోని ఫ్లోరిడాకు వెళ్లి కొండచిలువలను పట్టారు. 2023లో వారికి పద్మశ్రీ దక్కింది.

చిక్కు ఇక్కడే ఉంది. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఒకచోటి విషంతో చేసిన మందు దేశమంతటా ఒకేలా పనిచేయదని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు చూపారు. పశ్చిమ భారతంలో కనిపించే సింధ్ కట్లపాముపై ఇప్పటి మందు ప్రభావం బాగా తక్కువని కూడా తేల్చారు. ధరంపూర్ లాంటి సంస్థల అవసరం ఇందువల్లే. అయితే ప్రాంతీయ మందు తయారు కావాలంటే ముందు ఆ ప్రాంతంలో ఏ పాములున్నాయో పక్కాగా తెలియాలి.

నిపుణులకూ తప్పని ముప్పు

కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కు చెందిన జో స్లోవిన్స్కీ పాముల శాస్త్రంలో పేరున్న వ్యక్తి. 2001 సెప్టెంబరులో మయన్మార్ అడవుల్లో సర్వేకు వెళ్లారు. సహచరుడు పట్టితెచ్చిన పామును విషం లేనిదనుకుని సంచిలో చేయి పెట్టారు. అది కట్లపాము. దగ్గర్లో ఆసుపత్రి లేదు. సహచరులు గంటల తరబడి నోటితో శ్వాస అందించినా ఆయన బతకలేదు. కట్లపామును పోలిన చారల పాములు మన ఊళ్లలోనూ ఉన్నాయి. ఫోన్‌లో ఫొటో చూసి ‘ఇది మంచి పామే’ అని చేత్తో పట్టుకోవడం ఎంత ప్రమాదమో ఈ ఉదంతం చెబుతుంది.

చట్టం కూడా అందుకు ఒప్పుకోదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా రక్షిత జాతుల పాములను పట్టడం నేరం. రాత్రిపూట అభయారణ్యాల్లోకి వెళ్లాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. ఇంట్లోకి పాము వస్తే అటవీశాఖకు లేదా శిక్షణ పొందిన బృందాలకు చెప్పాలి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ 1995 నుంచి ఈ పని చేస్తోంది. కేరళ అటవీశాఖ 2020 నుంచి పాములు పట్టేవారికి శిక్షణ, ధ్రువపత్రం తప్పనిసరి చేసింది.

మామూలు జనం చేయాల్సింది

రాత్రి వెతుకులాట తేల్చిన విషయాలే జాగ్రత్తలుగా మారాయి. నేలమీద కాకుండా మంచంపై పడుకోవాలి. దోమతెర కట్టి అంచులను పరుపు కిందకు దోపాలి. చీకట్లో అడుగు బయట పెడితే టార్చి, చెప్పులు ఉండాలి. ఇంటి పక్కన కట్టెలు, ఇటుకలు, ధాన్యం పోగుపడితే ఎలుకలు చేరతాయి, వాటి వెంటే పాములూ వస్తాయి.

కాటు పడితే తాడు బిగించకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, నాటు మందుతో కాలయాపన చేయకూడదు. కాటు పడిన కాలు లేదా చెయ్యి కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. పామును చంపి తీసుకెళ్లే అవసరం లేదు. వైద్యులు లక్షణాలను బట్టి చికిత్స చేస్తారు. నేలమీద నిద్రపోయిన మనిషి తెల్లవారేసరికి కడుపునొప్పి అంటూ రెప్పలు ఎత్తలేకపోతే, కాటు గుర్తు కోసం వెతుకుతూ కూర్చోకుండా వెంటనే బయలుదేరాలి.